రాత నాది, సంతకం సారుది

మా సీనియర్ ఆఫీసులో ఏ కాగితం ఎవరు రాసినా కింద సంతకం సారుదే. దావా నేను రాస్తాను, ఎదుటివాళ్ళ దావాకు జవాబు నేను రాస్తాను, ఓనరుకో కిరాయిదారుకో పంపే నోటీసు నేను రాస్తాను. సారు ఎర్ర పెన్ను పట్టుకుని ఒక వాక్యం కొట్టేసి, ఇంకొకటి చేర్చి, సంతకం పెడతారు. రేపు జడ్జిగారు అడిగితే ఆ మాటలకు జవాబు చెప్పేది ఆయనే కాబట్టి అవి ఆయన మాటలే. నల్లకోటు వేసుకున్న కొత్తలోనే ఇది నాకు అలవాటైపోయింది. అందుకే, విదేశంలో ఎల్‌ఎల్‌ఎం చదవడానికి దరఖాస్తు పెడుతున్నానని, ఆయన సిఫారసు ఉత్తరం కావాలని అడిగినప్పుడు, ఫైలు మీది నుంచి తల ఎత్తకుండా ఆయన అన్న మాట నాకు మామూలుగానే వినిపించింది.

"రాసుకొని రామ్మా. సంతకం పెడ్త."

కాలేజీలో మాకు ఆస్తి చట్టం చెప్పిన మేడం కూడా ఫోన్‌లో దాదాపు అదే అన్నారు. డ్రాఫ్టు పంపితే చూసి సంతకం చేస్తానన్నారు. రెండు ఉత్తరాలు కావాలి, రెండూ దొరికినట్టే అనుకున్నాను.

మా ఇల్లు గౌలిపురలో. మా అత్తగారిది పాల వ్యాపారం చేసిన కుటుంబం. బర్రెలు పోయి చాలా కాలమైంది. కొట్టంలో ఇప్పుడు గల్లీవాళ్ళ ఆటోలు నిలబెడతారు. మా ఆయన కరెంటు ఆఫీసులో పని చేస్తాడు. పాపకు ఇంకా బడికి పోయే వయసు రాలేదు. స్వభావం కొద్దీ నేను భయస్తురాలిని. పాప రెండుసార్లు దగ్గితే డాక్టరు దగ్గరికి పోకముందే పెద్ద పెద్ద జబ్బులన్నీ మనసులో తిరిగొస్తాయి. గడియ పెట్టిన తలుపును మళ్ళీ లేచి చూసొస్తాను. అందరూ పడుకున్నాక ఇది రాస్తున్నాను కదా, ఇప్పుడు కూడా ఒక చెవి పాప ఊపిరి మీదే ఉంది. కానీ కేసు కాగితాల ముందు కూర్చుంటే ఈ భయం ఎటు పోతుందో తెలియదు. ఆ పని నాకు వచ్చు. వచ్చని నాకు తెలుసు.

పై చదువు ఆలోచన కూడా ఆ కాగితాల్లోంచే పుట్టింది. మా దగ్గరికి వచ్చేవి ఎక్కువగా మల్గీల కేసులు. మల్గీ అంటే రోడ్డు మీదికి తెరుచుకునే దుకాణం గది. తాత నాటి నుంచి ఒకే మల్గీలో వ్యాపారం చేసుకునే మనిషి దగ్గర కిరాయి చిట్టీలు తప్ప ఒప్పందం ఉండదు. ఓనరు చనిపోయి కొడుకులు పంచుకోగానే, లేదా ఎవరికో అమ్మేయగానే, ఈ మనిషి ఎవరో కొత్తగా రుజువు చేసుకోవాలి. పాత బజార్లు ఒక్క మన దగ్గరే లేవు. ఇలాంటి కిరాయిదారులను వేరే దేశాల చట్టాలు ఎలా చూస్తున్నాయో సరిగ్గా కూర్చుని చదవాలనిపించింది. వెతగ్గా వెతగ్గా, పాత రేవు పట్నం ఒకదానిలో సరిగ్గా ఆ విషయం మీదే ఏడాది కోర్సు కనిపించింది. కుటుంబాన్ని వెంట తీసుకుపోవచ్చు. ఆ ఒక్కచోటికే దరఖాస్తు పెట్టాను. మా ఆయనకు జీతం లేని సెలవు ఆ ఏడాదికి ఇస్తామన్నారు, పాప ఆ తర్వాత బడిలో చేరుతుంది. ఆ ఏడాది దాటితే మళ్ళీ ఎప్పటికి కుదురుతుందో ఎవరూ చెప్పలేరు.

ఇంట్లో ఈ మాట చెప్పిన రోజు అత్తమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

"నువ్వు చదువుకుంటవ్, సరే. వీడేం చేస్తడు ఆడ?"

"పాపను చూసుకుంట," అన్నాడు మా ఆయన.

"ఈడ ఎన్నడన్న చూసుకున్నవా?"

"ఈడ నువ్వున్నవ్ కదమ్మా."

"మంచిగున్నది. పెండ్లాం బడికి, మొగుడు అంగన్‌వాడీకి." ఆమె ఇంకో కాయ ఈనె తీసి గిన్నెలో వేసింది. "గా దేశంల పాలు మంచిగ దొరుకుతయా? గాడ గూడ ప్యాకెట్లేనా?"

పాల గురించి అడిగిందంటే ఆమె ఒప్పుకున్నట్టే. మా ఆయన నా వైపు చూసి కనుబొమ్మలు ఎగరేశాడు.

దరఖాస్తులో నన్ను ఇబ్బంది పెట్టింది ఉత్తరాలే. ఒక క్లయింటు తరఫున ఎన్ని పేజీలైనా రాయగలను. నా గురించి, అది కూడా ఇంకొకరి నోటితో, ఒక పేరా నడవలేదు. చివరికి నాకు తెలిసిన దారిలోనే పోయాను. పిటిషన్ రాసినట్టు రాశాను. ముందు వాస్తవాలు, తర్వాత అర్హతలు, ఆఖరున 'పైన తెలిపిన వాస్తవాలను, పరిస్థితులను దృష్టిలో ఉంచుకుని' ఈమెకు సీటు ఇవ్వవలసిందిగా కోరడం. సారు ఉత్తరం అలా రాశాను, మేడం ఉత్తరం అలా రాశాను, నేను ఈ చదువు ఎందుకు కోరుకుంటున్నానో చెప్పే వ్యాసం కూడా అదే ధోరణిలో పోయింది. కష్టపడే స్వభావం, నిజాయితీ, సమయానికి రావడం, ఇవి మూడింటిలోనూ ఉన్నాయి. సారు ఆ కాగితాన్ని మిగతా వాటి మధ్య పెట్టుకుని, ఎక్కడ సంతకం అని అడిగి, పెట్టేశారు. ఆయన మెయిలు నడిపేది ఆఫీసు గుమాస్తా. అందరం చాచా అని పిలుస్తాం. చాచా తన ఫోన్‌లోంచే ఉత్తరాన్ని యూనివర్సిటీకి ఎక్కించి, "హోగయా బేటీ, ఇగ విమానం ఎక్కుడే," అన్నాడు.

కొన్నాళ్ళకు యూనివర్సిటీ నుంచి మెయిల్ వచ్చింది. కోర్టు వరండాలో మా కేసు పిలుపు కోసం నిలబడి ఉన్నాను. చాలా మర్యాదగా ఉంది. రెండు సిఫారసులూ, నా వ్యాసమూ చాలావరకు ఒకే మాటల్లో, ఒకే పద్ధతిలో ఉన్నాయని, వాటిని ఎవరు తయారు చేశారో వివరించగలరా అని అడిగారు. జవాబు వచ్చేదాకా నా దరఖాస్తును పక్కన పెడుతున్నామన్నారు. మళ్ళీ చదివాను. మళ్ళీ చదివినా మర్యాద తగ్గలేదు, అర్థం మారలేదు. ఇంతలో లోపల మా కేసు పిలిచారు. వెళ్ళి వాయిదా తీసుకుని వచ్చాను. నోట్లోంచి మాట సరిగ్గానే వచ్చింది.

మేడంకు ఫోన్ చేస్తే ఆమె నవ్వి, ఆ రాత్రికే తనంత తాను ఇంకొక ఉత్తరం రాసి పంపారు. మిగిలింది సారు ఉత్తరం. ఇంట్లో మా ఆయన వంటగది గుమ్మంలో కూర్చుని దీనికొక దారి చెప్పాడు.

"సారు చెప్పిండు, నేను టైప్ చేసిన అని రాయి. అయిపోతది."

"సారు చెప్పలే. రాసుకొని రా అన్నరు."

"గంతే కదా ఫరకు."

"గంత ఫరకుకే కేసులు పోతయ్."

"ఆడెవడు చూడొచ్చిండే, నువ్వు చెప్తె తప్ప తెల్వదు."

"అడిగిన్రు కదా మరి."

ఆయనకు కోపం రాలేదు. నా భయాలు ఆయనకు తెలుసు, కాగితాల దగ్గర నా మొండితనమూ తెలుసు. లేచి పాపకు అన్నం పెట్టడానికి పోయాడు. నేను అక్కడే స్టవ్ పక్కన నిలబడి ఫోన్‌లో జవాబు రాశాను. రెండు ఉత్తరాలూ నేనే రాశాను. మా వృత్తిలో కాగితం జూనియర్ రాస్తారు, సీనియర్ బాధ్యత తీసుకుని సంతకం చేస్తారు, సిఫారసుకూ అదే పద్ధతి అనుకున్నాను. మీ దగ్గర పద్ధతి వేరని ముందే కనుక్కోవలసింది. మీరు నా సీనియర్‌తో నేరుగా మాట్లాడవచ్చు. 'సీనియర్ చదివి' అని రాయబోయి 'చదివి' తీసేశాను, ఎందుకంటే సారు చదవలేదు. మామూలుగా ఒక చిన్న మెసేజ్ కూడా నాలుగుసార్లు చూసుకునే మనిషిని, దాన్ని తిరిగి చూసుకోకుండా పంపేశాను. మాటలు సరిగ్గా కుదిరాయో లేదోనన్న భయం పంపిన తర్వాత వచ్చింది, ముందు రాలేదు.

వాళ్ళు సరేనన్నారు. పది రోజుల తర్వాత మీ సీనియర్‌తో వీడియోలో కాసేపు మాట్లాడతాం, మీరు ఆ గదిలో ఉండకూడదు అన్నారు.

సారు ఆఫీసు అఫ్జల్‌గంజ్‌లో, తాళ్ళూ టార్పాలిన్లూ అమ్మే హోల్‌సేల్ దుకాణం పైన. వాళ్ళది తరాలుగా అక్కడ వ్యాపారం చేసే కుటుంబం. అన్నదమ్ములు కింద కూర్చుంటే ఈయన ఒక్కరే చదువుకుని పైకెక్కారు. మెయిల్ ప్రింటు తీసి ఆయన ముందు పెట్టాను. అద్దాలు సర్దుకుని చదివారు.

"ఏందమ్మా, నన్ను బోనెక్కిస్తున్నరా?"

"జర సేపు మాట్లాడ్తరంట సార్. అంతే."

"నువ్వు రాసిన ఉత్తరమేది? తే."

అప్పుడు మొదటిసారి చదివారు. అలవాటు కొద్దీ ఎర్ర పెన్ను చేతిలోకి వచ్చింది. "సిన్సియర్. పంక్చువల్. హార్డ్ వర్కింగ్." ఒక్కొక్క మాట పలికి ఒక్కొక్క గీత కొట్టారు. "గివి చాచాకు గూడ రాయొచ్చు."

"పంక్చువల్ రాయకుండ్రి సాబ్, అబద్ధమైతది," అన్నాడు చాచా టీ గ్లాసులు తీస్తూ.

"గిందుల నువ్వేడున్నవమ్మా? ఎవర్నన్న ఇందుల కూసోబెట్టొచ్చు."

నేను ముందే సిద్ధపడి వచ్చాను. ఏయే కేసుల్లో ఏం చేశానో, ఏ ఆర్డర్లు తెచ్చానో పాయింట్లుగా రాసిన కాగితం బ్యాగులో ఉంది. బయటికి తీశాను.

"సార్, కొన్ని పాయింట్లు రాసి తెచ్చిన. మీకు గుర్తుకుంటయని."

ఆయన కాగితాన్ని ముట్టుకోలేదు. "సాక్షికి సాక్ష్యం నేర్పుతున్నవా?"

"నేర్పుడు కాదు సార్. యాది చేసుడు."

"గదే నేర్పుడంటే. ఎదుటి వకీలు గిట్ల చేస్తె ఎంత లొల్లి చేస్తవ్ నువ్వు. తీస్కపోయి బ్యాగుల పెట్టుకో."

పెట్టుకున్నాను. ఆయన ఏం చెబుతారో తెలియకపోవడం నాకు ఆ పది రోజులూ అన్నం సహించనివ్వలేదు. పదేళ్ళు దాటని నా వృత్తిలో ఆయన నన్ను ఎదురుగా మెచ్చుకున్న రోజు ఒక్కటి గుర్తుకు రాలేదు. తిట్టిన రోజులు చాలా ఉన్నాయి. జూనియర్లెవరినీ ఆయన మెచ్చుకోరు, అది నాకొక్కదానికి జరిగేది కాదు. కాకపోతే ఆ జూనియర్లెవరి సీటూ ఆయన నోటి మీద ఆధారపడి లేదు.

వీడియో రోజు అత్తమ్మ చుట్టాల పెళ్ళికి పోవడంతో పాపను వెంట తీసుకుపోవలసి వచ్చింది. చాచా తన ఫోన్‌ను లా రిపోర్టుల బైండు పుస్తకాలకు ఆనించి నిలబెట్టాడు. సారు ఇంటినుంచే కోటూ మెడకు తెల్లబ్యాండూ వేసుకుని వచ్చారు. జడ్జి ముందు నిలబడేటప్పటిలా జుట్టు దువ్వుకున్నారు. నన్ను చూసి గుమ్మం వైపు వేలు చూపించారు.

"సాక్ష్యం అయ్యేదాక బయట ఉండాలె. తెల్వదా?"

పాపను తీసుకుని కిందికి దిగి దుకాణం మెట్ల మీద కూర్చున్నాను. తాళ్ళ చుట్టల నుంచి నార వాసన వస్తోంది. హమాలీలు టార్పాలిన్ల మూటలు దింపుతున్నారు.

"సారు నిన్ను కొట్టిండా?" అంది పాప.

"లేదురా."

"మరి బయటెందుకు కూసున్నం?"

"లోపల నా గురించి మాట్లాడుతున్నరు."

"మంచిగనా?"

"తెల్వదు."

పాప తాడు ముక్క ఒకటి ఏరుకుని దాంతో ఆడుకోవడం మొదలుపెట్టింది. పైనుంచి సారు గొంతు వినిపిస్తోంది. కోర్టులో వాదించే గొంతు అది, చిన్నగా మాట్లాడటం ఆయనకు రాదు. కానీ కింద బస్సుల హారన్లలో ఒక్క మాట కూడా విడిగా అందలేదు. గొంతు లేచినప్పుడల్లా ఆయనకు కోపమొచ్చిందేమో అనుకున్నాను. తగ్గినప్పుడల్లా చెప్పడానికి ఏమీ దొరకలేదేమో అనుకున్నాను. తర్వాత ఒకసారి ఆయన నవ్వు వినిపించింది. ఆయన నవ్వగలరని తెలుసు గానీ, ఏ సందర్భంలో నవ్వుతారో ఊహకు అందలేదు.

చాచా మెట్లు దిగి వచ్చాడు.

"అయిపోయింది బేటీ."

"ఏమన్నరు చాచా?"

"అంగ్రేజీ కదా, మస్తు తేజ్ మాట్లాడిన్రు. నాకు పత్తర్‌గట్టి ఒక్కటే సమజైంది. నీ పేరు కన్న పత్తర్‌గట్టే ఎక్కువ అన్నడు సాబ్."

"పత్తర్‌గట్టి ఎందుకు?"

"టేపు అన్నడు. గుస్స అయిన అన్నడు, యాంగ్రీ యాంగ్రీ అని. ఫోన్ల గా అమ్మ రాసుకుంటనే ఉన్నది. ఫికర్ నక్కో కరో."

ఫికర్ వద్దంటే పోయేది కాదు. పత్తర్‌గట్టి బజారులోని మల్గీ కేసు నా పాయింట్ల కాగితంలో లేదు. కావాలనే పెట్టలేదు. అందులో మా క్లయింటు గాజుల వ్యాపారి. ఓనరు మనుషులు వచ్చి షటరుకు తాళం వేస్తామంటే, ఖాళీ చేయించకుండా కోర్టు నుంచి తాత్కాలిక ఆర్డరు తెచ్చాం. ఆ తర్వాత ఒక రోజు నాకెందుకో మనసు ఊరుకోక, టేపు పట్టుకుని పోయి మల్గీని కొలిచి, నాలుగు దిక్కుల్లో ఏముందో రాసుకున్నాను. దావాలో మేం రాసిన హద్దులు ఆ మల్గీవి కావు, పక్క మల్గీవి. గతంలో పక్కవాళ్ళ కేసు కూడా మా ఆఫీసే చూసింది. హద్దుల పేరా ఆ పాత ఫైలులోంచి దిగిపోయింది. అంటే మాకొచ్చిన ఆర్డరు కాగితం మీద వేరే దుకాణానికి వచ్చింది.

ఓనరు వైపువాళ్ళు గమనించకముందే మనమే కోర్టుకు చెప్పి దావా సవరించుకుందామన్నాను. సారు ఒప్పుకోలేదు. ఆర్డరు చేతికొచ్చాక గెలుక్కుంటామా, జడ్జిగారు రద్దు చేస్తే క్లయింటుకు ఎవరు చెప్తారు అన్నారు. నేను సవరణ పిటిషన్ రాసి తెచ్చి టేబుల్ మీద పెట్టాను. ఆయన ఫైలును విసిరితే కాగితాలు గదంతా పడ్డాయి. చాచా ఒక్కొక్కటి ఏరాడు. చివరికి సంతకం పెట్టారు. ఆ తర్వాత చాలా రోజులు నాతో మాట్లాడలేదు, ఏదైనా కావాలంటే చాచాతో చెప్పించేవారు. జడ్జిగారు సవరణను అనుమతించి ఆర్డరును అలాగే ఉంచారు. గాజుల వ్యాపారి ఇప్పటికీ అక్కడే ఉన్నాడు. సారు మాత్రం ఆ విషయం మళ్ళీ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. నేను మాట వినని జూనియర్‌నని ఆయన చెప్పడానికి అంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. ఆయన దాన్నే ఎంచుకున్నారు.

పైకి పోయాను. ఆయన బ్యాండు విప్పుతున్నారు.

"సార్, ఏమడిగిన్రు?"

"సాక్షిని పార్టీ అడగొద్దు."

"నేను మీ జూనియర్‌ని కద సార్."

"ఇయ్యాల కాదు. పాపకు ఆకలైతున్నట్టున్నది, ఏమన్న తినిపియ్ పో."

తర్వాతి రోజుల్లో నా పని నేను చేసుకున్నాను. ఒక కేసులో ఎదుటివాళ్ళ సాక్షిని క్రాస్ ఎగ్జామిన్ చేశాను, బాగా చేశాను. ఇంటికి వచ్చి మాత్రం మెయిల్ తెరవడం, మూయడం. సీటు రాకపోతే ఏమవుతుందో మనసులో చాలాసార్లు చూసుకున్నాను. మా ఆయన సెలవు వెనక్కి ఇచ్చేస్తాడు, అత్తమ్మ ఏమీ అనకుండా పప్పులో కాస్త ఎక్కువ నెయ్యి వేస్తుంది, నేను మళ్ళీ మల్గీల కేసులు రాస్తాను. బతకలేనిది ఏమీ కాదు అది. కానీ అబద్ధమొకటి చెప్పి ఉంటే సీటు వచ్చేదేమోనన్న ఆలోచన మాత్రం ఒక్కసారి కూడా రాలేదు. అంత భయస్తురాలిని, ఆ ఒక్క భయం ఎందుకు రాలేదో నాకే వింతగా ఉండేది.

సీటు ఇస్తున్నామన్న మెయిల్ ఒక మధ్యాహ్నం వచ్చింది, పాపకు స్నానం చేయించి తల తుడుస్తున్నప్పుడు. దాని వెనకే, కోర్సు నడిపే ప్రొఫెసర్ విడిగా రాసిన చిన్న మెయిల్ కూడా ఉంది. సారుతో మాట్లాడింది ఆమే. మీ సీనియర్ మిమ్మల్ని పొగడలేదు, ఒక సంగతి చెప్పారు అని రాసింది. గెలుస్తున్న కేసులో మీ వైపు తప్పును మీరే కోర్టు ముందు పెట్టించారని, ఆ రోజు తాను కోప్పడ్డానని, కోప్పడటం తన పొరపాటేనని ఆయన అన్నారట. ఎవరు రాశారని మేం అడిగినప్పుడు మీరిచ్చిన జవాబు పక్కన దాన్ని పెట్టుకుని చూస్తే, ఇంకే సిఫారసూ అవసరం లేదనిపించింది అని ముగించింది. తువ్వాలు చేతిలోనే ఉండిపోయింది. పాప చలి వేస్తోందని గుర్తు చేసింది.

మరునాడు పొద్దున్నే ఆఫీసుకు పోయి ఆ మెయిల్ సారుకు చదివి వినిపించాను. మొదట 'మంచిది' అన్నారు. ఎప్పుడు పోవాలో, ఏ ఫైళ్ళు ఎవరికి ఇస్తున్నానో అడిగారు. అన్నీ చెప్పాను. చెప్పాక కూడా నేను లేవలేదు.

"గా పత్తర్‌గట్టి సంగతి మీకు యాదున్నదా సార్?"

"ఎందుకుండదు."

"కోపం చేసుడు పొరపాటని అప్పుడే నాకు చెప్తే అయిపోవు కద సార్. ఎన్ని దినాలు పరేషానైన."

ఆయన తర్వాతి ఫైలు కట్టు విప్పుతూ నా వైపు చూశారు.

"నువ్వెప్పుడన్న అడిగినవా? వాళ్ళడిగిన్రు, చెప్పిన."

చాచా గుమ్మం దగ్గర నవ్వు కనిపించకుండా నోటికి చేయి అడ్డం పెట్టుకున్నాడు. నేను కోటు వేసుకుని, ఆ రోజు కేసుల ఫైళ్ళు చంకలో పెట్టుకుని కోర్టుకు బయలుదేరాను.